రాతి అచ్చు నుండి గాజు తెర దాకా: ఉర్దూ బడిలో అక్షరం నడిచిన దారి

వార్షిక సంచికల్లో చరిత్ర వ్యాసమంటే సామాన్యంగా రాజుల గురించో, కోటల గురించో, మసీదు కట్టడాల గురించో ఉంటుంది. గోల్కొండ మీద, చార్మినార్ మీద రాసినవారు మనలో చాలామందే ఉన్నారు. మేము ఈసారి అంతకంటే చాలా చిన్న వస్తువును తీసుకున్నాం. అది ఉర్దూ అక్షరం. ఆ అక్షరం కాతిబ్ కలం నుండి రాతి మీదికి, రాతి నుండి కాగితం మీదికి, అక్కడి నుండి కంప్యూటర్ తెర మీదికి ఎలా వచ్చింది, దాని వెనకాలే ఉర్దూ మీడియం పంతులు ఎలా నడవాల్సి వచ్చింది అన్నదే ఇక్కడి విషయం.

ఉర్దూ గురించి తెలుగులో ఎందుకు రాస్తున్నారని పెద్దలు అడగవచ్చు. మన ఇళ్ళలో ఉర్దూ మాట్లాడే పిల్లల్లో చాలామందికి ఈనాడు ఉర్దూ చదవడం రాదు. తెలుగు బాగా చదువుతారు. ఈ సంగతి ముఖ్యంగా తెలియవలసింది వారికే. అందుచేత తెలుగులోనే రాస్తున్నాం.

మన రాతలోని చిక్కు

మన ఇళ్ళలో ఖురాన్ షరీఫ్ ఉంటుంది, ఉర్దూ పత్రికో పుస్తకమో కూడా ఉంటుంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే రాత తీరు వేరని చదవడం రానివారికి కూడా తెలుస్తుంది. ఖురాన్ షరీఫ్ ముద్రించే రాతకు నస్ఖ్ అని పేరు. అందులో అక్షరాలు ఒక గీత మీద వరసగా కూర్చుంటాయి. ఉర్దూ రాతకు నస్తాలీఖ్ అని పేరు. ఇది 14వ శతాబ్దం చివర, 15వ శతాబ్దం మొదట్లో ఇరాన్ దేశంలో రూపు దిద్దుకుని మన దేశానికి వచ్చింది. ఇందులో మాట కుడివైపు పైనుండి మొదలై, మెట్లు దిగినట్టుగా ఎడమవైపు కిందికి జారుతుంది.

అందం అక్కడే ఉంది, చిక్కూ అక్కడే ఉంది. నస్తాలీఖ్‌లో ఒక అక్షరానికి ఒకే రూపం ఉండదు. పక్కన ఏ అక్షరం వస్తే దానికి తగ్గట్టు వంగుతుంది, సాగుతుంది, కుంచించుకుంటుంది. 'బాప్' అనే మాటలో 'బే' ఒక తీరుగా ఉంటుంది. 'బచ్చా'లో మరో తీరు, 'బస్తీ'లో ఇంకో తీరు. పైగా చుక్కలు ఒకదానికొకటి తగలకుండా సర్దాలి. చేతికి ఇది అలవాటైన పని. సీసపు అచ్చులకు మాత్రం ఇది గండం. తెలుగు గుణింతాలతో, ఒత్తులతో మన తెలుగు కంపోజిటర్లు పడ్డ పాట్లు తెలిసినవారికి ఇందులోని కష్టం కొంత అర్థమవుతుంది. నస్తాలీఖ్ కష్టం అంతకు ఎన్నో రెట్లు.

18వ శతాబ్దం చివరి నుండే కలకత్తాలో నస్తాలీఖ్‌కు సీసపు అచ్చులు పోతపోసే ప్రయత్నాలు జరిగాయి. అవి నిలబడలేదు. నిజాం కాలంలో హైదరాబాద్ రాష్ట్రంలో కూడా ప్రయత్నించారు. అదీ ఫలించలేదు. టైపు మిషన్ వచ్చినప్పుడు ఉర్దూను నస్ఖ్ అక్షరాల్లో కొట్టారు. ఆఫీసు కాగితాలకు అది పనికొచ్చిందేమో గాని, కథల పుస్తకం ఆ రాతలో ఇస్తే చదివేవాడి మనసు ఒప్పుకోలేదు.

కాతిబ్ కాలం

మరి ఇన్ని ఉర్దూ పుస్తకాలు ఎలా అచ్చయ్యాయి? దానికి జవాబు రాతి అచ్చు. జర్మనీలో సెనెఫెల్డర్ అనే ఆయన 1796లో కనిపెట్టిన పద్ధతి ఇది. నూనె, నీరు కలవవు అన్న ఒక్క సూత్రం మీద నడుస్తుంది. పూత పూసిన కాగితం మీద కాతిబ్ జిడ్డు సిరాతో పేజీ మొత్తం రాసి ఇస్తాడు. ఆ రాతను నున్నటి రాతి పలక మీదికి దింపుతారు. రాయిని తడిపి సిరా రుద్దితే, రాత ఉన్నచోటే సిరా పట్టుకుంటుంది. 1820 దశకంలో ఇది మన దేశానికి చేరింది. పోత పోయాల్సిన పని లేదు, అక్షరాలు ఏర్చి కూర్చాల్సిన పనీ లేదు. కాతిబ్ చేయి ఎలా నడిస్తే పుస్తకం అలా వచ్చేది. 1858లో లక్నోలో మున్షీ నవల్ కిషోర్ పెట్టిన ముద్రణాలయం ఈ పద్ధతిలోనే వేలకొద్దీ పుస్తకాలు దేశమంతటికీ అందించింది.

మన దక్కన్‌కు వస్తే, 1880 దశకంలో హైదరాబాద్ రాష్ట్రంలో ఫారసీ స్థానంలో ఉర్దూ రాజభాష అయింది. 1917లో అనువాద కార్యాలయం 'దారుత్తర్జుమా' ఏర్పడింది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం స్థాపన జరిగింది. గణితం, రసాయన శాస్త్రం, వైద్యం, ఇంజనీరింగ్ వంటివన్నీ ఒక భారతీయ భాషలో పెద్ద చదువుగా చెప్పవచ్చని అక్కడ నిరూపించారు. 1948 తర్వాత అక్కడి బోధన ఇంగ్లీషులోకి మారింది. అయినా ఆ 30 ఏళ్ళలో తయారైన పారిభాషిక పదాలు ఈనాటికీ మా సైన్సు పాఠాల్లో వినబడుతూనే ఉన్నాయి.

ఇదంతా కాతిబ్ వేళ్ళ మీద నడిచిన చదువు. పత్రికలు కూడా అంతే. చెన్నైలో 1927లో మొదలైన 'ముసల్మాన్' దినపత్రికను కంప్యూటర్లు వచ్చిన తర్వాత కూడా చాలా కాలం చేత్తోనే రాసి అచ్చువేశారు. హైదరాబాద్ ఛత్తా బజార్‌లో పెళ్ళి కార్డులకు, పోస్టర్లకు కాతిబుల దగ్గర జనం వరస కట్టిన రోజులు మన పెద్దలకు గుర్తుండే ఉంటాయి.

బడిలో కాతిబ్ ఉండడు. అక్కడ పంతులే కాతిబ్. మేము చదువుకున్న రోజుల్లో, అంటే 1990 ప్రాంతంలో, పరీక్ష పేపరు ఉస్తాద్ సైక్లోస్టైల్ స్టెన్సిల్ మీద ఇనుప కలంతో గీసి తయారుచేసేవారు. గట్టిగా నొక్కితే స్టెన్సిల్ చిరిగేది. మెల్లగా నొక్కితే చుక్కలు పడేవి కావు. చుక్క పడకపోతే 'బే' ఏదో 'పే' ఏదో తెలియక పిల్లలు తల పట్టుకునేవారు. తెలుగు మీడియం వారి పేపరు అచ్చులో నున్నగా వచ్చేది. మాది సిరా మరకలతో వచ్చేది. పిల్లవాడికి అప్పుడే అర్థమైపోయేది, ఏ మీడియం పెద్దదో ఏది చిన్నదో.

పెట్టె ముందు వచ్చింది, భాష తర్వాత

1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 దాకా మన దేశంలో ఒక పెద్ద ప్రయోగం జరిగింది. అమెరికా ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 పల్లెలకు టీవీ పాఠాలు చూపించారు. ఆ ఆరు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. పొద్దున బడి పిల్లల కార్యక్రమాలు, సాయంత్రం పెద్దవాళ్ళకు వ్యవసాయం, ఆరోగ్యం. హిందీ, ఒరియా, తెలుగు, కన్నడ భాషల్లో ప్రసారం జరిగింది. ఆ జాబితాలో ఉర్దూ లేదు.

1984-85లో కేంద్ర ప్రభుత్వం 'క్లాస్' అనే పథకం కింద ఎంపిక చేసిన 250 పాఠశాలలతో కంప్యూటర్ చదువు ప్రారంభించింది. బీబీసీ మైక్రో అనే యంత్రాలు తెప్పించారు. అందులో మాట్లాడే భాష ఇంగ్లీషు. 2004 డిసెంబరులో 'ఐసీటీ ఎట్ స్కూల్స్' పథకం వచ్చింది. హైస్కూళ్ళలో కంప్యూటర్ గదులు కనిపించసాగాయి. గదికి తాళం, తాళం చెవి హెడ్మాస్టర్ దగ్గర, లోపల యంత్రాల మీద గుడ్డ కప్పి ఉండేది. మా తరం ఉపాధ్యాయులకు ఈ దృశ్యం పరిచయమే.

ఇవన్నీ తప్పుబట్టడానికి చెప్పడం లేదు. చరిత్ర ఎలా నడిచిందో చూపడానికే చెబుతున్నాం. ప్రతిసారీ పరికరం ముందు వచ్చింది. మన భాష అందులోకి తర్వాత వచ్చింది, అదీ దానంతట అది రాలేదు.

20 వేల ముక్కలు రాసిన చేయి

ఎలా వచ్చిందో చూద్దాం. కరాచీకి చెందిన మిర్జా అహ్మద్ జమీల్ అనే కళాకారుడు 1979లో సింగపూర్‌లో ఒక ముద్రణ యంత్రం చూశారు. అది చైనా లిపిని కూర్చుతోంది. వేల బొమ్మలున్న చైనా లిపి యంత్రానికి లొంగినప్పుడు నస్తాలీఖ్ ఎందుకు లొంగదు అన్నది ఆయన ఆలోచన. అప్పటిదాకా అందరూ నస్తాలీఖ్‌ను విడి అక్షరాలుగా విరవాలని చూశారు. ఆయన విరవడం మానేశారు. మాటల్లో కలిసి వచ్చే అక్షర గుంపులను గుంపులుగానే చేత్తో రాశారు. దాదాపు 20 వేల ముక్కలు! బ్రిటన్‌లోని మోనోటైప్ కంపెనీ వాటిని యంత్రంలోకి ఎక్కించింది. తండ్రిగారి పేరు మీద దానికి 'నూరీ నస్తాలీఖ్' అని పేరు పెట్టారు. 1981లో 'జంగ్' దినపత్రిక ఈ అక్షరాలతో వెలువడింది. చదివినవారికి అది చేత్తో రాసినట్టే అనిపించింది. ఎందుకంటే అది నిజంగా చేత్తో రాసిందే.

ఇక్కడ గమనించాల్సింది ఒకటి ఉంది. నూటయాభై ఏళ్ళకు పైగా లొంగని పనిని సాధించింది యంత్రం ఒక్కటే కాదు, మన లిపిలో చేయి తిరిగిన మనిషి ఆ యంత్రం ముందు కూర్చోవడం వల్ల సాధ్యమైంది.

1994లో ఢిల్లీలోని ఒక సంస్థ 'ఇన్‌పేజ్' అనే సాఫ్ట్‌వేర్ తెచ్చింది. నూరీ నస్తాలీఖ్ అక్షరాలు ఇక మామూలు కంప్యూటర్‌లోకి వచ్చేశాయి. ఛత్తా బజార్‌లో కొందరు కాతిబులు కలం పక్కన పెట్టి కీబోర్డు పట్టుకున్నారు. కొందరు పట్టుకోలేక ఇంటిదారి పట్టారు. ఒక తరం కళాకారుల బతుకుతెరువు కొద్ది సంవత్సరాల్లోనే మారిపోయింది. దీన్ని కూడా చరిత్రలో రాయాలి.

బడి పంతులుకు ఇన్‌పేజ్ వరంలాగా వచ్చింది. అందులో మీటలు శబ్దాన్ని బట్టి ఉంటాయి. ఇంగ్లీషు 'బి' నొక్కితే 'బే' వస్తుంది. 'టి' నొక్కితే 'తే', షిఫ్టుతో కలిపి నొక్కితే 'టే'. మాలో చాలామంది సాయంత్రం డీటీపీ షాపులో కూర్చుని, గంటకు ఇంత అని ఇచ్చి, ఈ విద్య నేర్చుకున్నాం. మొదటిసారి ఉర్దూ పరీక్ష పేపరు మచ్చ లేకుండా, చుక్కలన్నీ చోటుచోటున పడి బయటికి వచ్చినప్పుడు స్టాఫ్ రూములో దాన్ని చేతులు మార్చి మార్చి చూశారు.

అక్షరానికి ఒక నంబరు

ఇన్‌పేజ్‌తో ఒక ఇబ్బంది ఉండేది. ఆ పాత ఫైలు ఇన్‌పేజ్ ఉన్న కంప్యూటర్‌లోనే తెరుచుకునేది. అక్కడి మాటను తీసి మరోచోట పెడితే పిచ్చి గీతలు వచ్చేవి. దానికి విరుగుడు యూనికోడ్. 1991లో మొదలైన ఈ పద్ధతిలో ప్రపంచంలోని ప్రతి అక్షరానికి ఒక నంబరు ఇచ్చారు. 'అలిఫ్'కు 1575, 'బే'కు 1576, మన ఉర్దూ 'టే'కు 1657. తెలుగు 'అ'కు 3077. ఏ దేశంలో ఏ యంత్రమైనా 1576 అనగానే అది 'బే' అని గుర్తిస్తుంది. పక్క అక్షరాన్ని బట్టి దాన్ని ఎలా వంచాలో తేల్చేది ఫాంటు. అక్షరం వేరు, దాని ఒంపు వేరు అని విడదీయడంతో ఉర్దూను వెతకడం, కాపీ చేయడం, ఒకరి నుండి ఒకరికి పంపడం సాధ్యమైంది.

ఒంపు తెలిసిన ఫాంట్లు మెల్లగా వచ్చాయి. విండోస్‌లో 2012 నాటికి నస్తాలీఖ్ ఫాంటు చేరింది. గూగుల్ 2014లో ఉచితంగా ఒకటి విడుదల చేసింది. ఐఫోన్లలో 2017లో వచ్చింది. ఇప్పటికీ చాలా ఫోన్లలో ఉర్దూ నస్ఖ్ రాతలోనే కనిపిస్తుంది. మా తరగతిలో ఒక అమ్మాయి ఫోన్‌లో పాఠం చూసి, "సార్, ఇది మా నానా చదివే ఉర్దూలాగా లేదు, అరబ్బీలాగా ఉంది" అన్నది. నానా చూపిన అక్షరం ఆ పిల్లకు గుర్తుంది. ఆ గుర్తు ఇంకో తరానికి ఉంటుందా అన్నదే మా బెంగ.

తరగతి గదిలో

2017 సెప్టెంబరు 5న ఉపాధ్యాయ దినోత్సవం నాడు 'దీక్ష' అనే జాతీయ వేదిక ప్రారంభమైంది. పాఠ్యపుస్తకాల మీద గళ్ళగళ్ళ క్యూఆర్ ముద్రలు వచ్చాయి. ఫోన్ చూపిస్తే పాఠానికి సంబంధించిన వీడియో తెరుచుకుంటుంది. 2019లో 'నిష్ఠ' పేరుతో దేశవ్యాప్తంగా ఉపాధ్యాయ శిక్షణ మొదలైంది. మేము వెళ్ళిన ఒక శిక్షణలో తెర మీద ఇంగ్లీషు, నోట తెలుగు. ఉర్దూ మీడియం వాళ్ళం వెనక బెంచీలో కూర్చుని, విన్నదాన్ని మనసులోనే ఉర్దూలోకి మార్చుకుంటూ రాసుకున్నాం. మిగతావాళ్ళకు ఒక పని, మాకు రెండు పనులు.

నేర్చుకోవడంలో మాకు ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కు ఒకటి చెబుతాం. ఉర్దూ కుడి నుండి ఎడమకు నడుస్తుంది. అంకెలు, సమీకరణాలు ఎడమ నుండి కుడికి నడుస్తాయి. లెక్కల పాఠంలో ఉర్దూ వాక్యం మధ్య ఒక సమీకరణం పెడితే తెర మీద కర్సర్ గెంతి అవతలికి పోతుంది. బ్రాకెట్టు తిరగబడుతుంది. దీన్ని దారిలో పెట్టడం ఏ శిక్షణలోనూ మాకు చెప్పలేదు. ఉర్దూ మీడియం టీచర్లం ఒకరికొకరం చెప్పుకుని నేర్చుకున్నాం.

నేర్చుకున్న తర్వాత లాభం కళ్ళకు కనబడింది. గుండె బొమ్మ తెర మీద పెట్టి, భాగాల పేర్లు నస్తాలీఖ్‌లో కొట్టి చూపితే వెనక బెంచీ పిల్లవాడికి కూడా తెలుస్తుంది. అక్షరం రాయడం నేర్పేటప్పుడు ఖలం ఎక్కడ మొదలై ఎక్కడ తిరుగుతుందో వీడియో తీసి పెద్దగా, నిదానంగా చూపవచ్చు. నల్లబల్ల మీద మా చేతి వెనక దాగిపోయే ఒంపు తెర మీద దాగదు. 2017 ఆగస్టులో గూగుల్ మాటను విని రాసే సదుపాయాన్ని తెలుగుతో పాటు ఉర్దూకు కూడా ఇచ్చింది. టైపు రాని పెద్ద వయసు ఉస్తాదులకు అది చేతికర్ర అయింది.

2020లో పరీక్ష

2020 మార్చిలో బడులు మూతపడ్డాయి. తెలంగాణలో సెప్టెంబరు 1 నుండి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ద్వారా డిజిటల్ పాఠాలు మొదలయ్యాయి. మన బస్తీల్లో ఒక ఇంటికి ఒక ఫోను, ఆ ఫోను అబ్బాతో పాటు పనికి పోతుంది. రాత్రి ఎనిమిదికి ఇంటికి వస్తే, ముగ్గురు పిల్లలు దాని కోసం వంతులు వేసుకునేవారు. నెలాఖరుకు డేటా అయిపోయేది.

అప్పుడు యూనికోడ్ విలువ తెలిసివచ్చింది. ఒక పేజీలో 1,500 అక్షరాలు ఉన్నాయనుకుందాం. టైపు చేసి పంపితే అక్షరానికి 2 బైట్ల చొప్పున 3 వేల బైట్లు. అదే పేజీని చేత్తో రాసి ఫోటో తీసి పంపితే 10, 20 లక్షల బైట్లు. ఉర్దూ టైపు వచ్చిన పంతులు పంపిన పాఠం డేటా మిగలని ఫోనుకు కూడా చేరింది. చిన్న అక్షరం కనబడని అమ్మీ దాన్ని పెద్దది చేసి చదివించగలిగింది. ఉర్దూ టైపు రావడం అంతదాకా ఒక అదనపు విద్య. ఆ ఏడాది అది పిల్లవాడికి పాఠం అందుతుందా లేదా అన్న ప్రశ్న అయిపోయింది.

ఇప్పుడు మన చేతిలో ఉన్నది

కనుక చరిత్ర మనకు చెప్పేది ఒక్కటే. పరికరం ఎవరి కోసమూ ఆగదు. మన లిపి తెలిసినవాడు దాని ముందు కూర్చున్న రోజున అది మనదవుతుంది. రాతి అచ్చు ముందు కాతిబ్ కూర్చున్నాడు. మోనోటైప్ యంత్రం ముందు మిర్జా అహ్మద్ జమీల్ కూర్చున్నారు. తరగతి గదిలోని తెర ముందు ఉర్దూ పంతులు కూర్చోవాలి. కూర్చోకపోతే ఏమవుతుందో చూడటానికి దూరం పోనక్కర్లేదు. మన పిల్లలు ఫోన్లలో 'ఖైరియత్' అన్న మాటను ఇంగ్లీషు అక్షరాల్లో కొడుతున్నారు. భాష నోట మిగిలింది, లిపి వేలి నుండి జారిపోతోంది. లిపి పోయిన ఇంట్లో తాత రాసిన ఉత్తరాన్ని మనవడు చదవలేడు. ఇంటి దస్తావేజు చదివించుకోవడానికి వేరేవాళ్ళ దగ్గరికి పోవాలి.

సంఘం పెద్దలకు మూడు మనవులు చేస్తున్నాం. మొదటిది, వేసవి సెలవుల్లో 15 రోజులు ఉర్దూ టైపు తరగతి పెట్టాలి. దానికి పెద్ద ఖర్చు లేదు. నాలుగైదు పాత కంప్యూటర్లు చాలు, ఫాంట్లు ఉచితం. పిల్లలతో పాటు టీచర్లు, మస్జిద్ మక్తబ్ ఉస్తాదులు కూడా రావాలి. నేర్పడానికి మా ఉర్దూ మీడియం టీచర్లం సిద్ధంగా ఉన్నాం. రెండవది, టైపు వచ్చిందని కలం వదలరాదు. చేత్తో రాసినవాడికే ఒంపు తెలుస్తుంది, ఒంపు తెలిసినవాడే తెర మీది తప్పును పట్టగలడు. మూడవది, మీ ఇళ్ళలో పాత ఉర్దూ పుస్తకాలు, కాతిబులు రాసిన కాగితాలు ఉంటే పాత సామాన్లవాడికి వేయకండి. 2013లో మొదలైన 'రేఖ్తా' సంస్థ ఇప్పటికి లక్షకు పైగా ఉర్దూ పుస్తకాలను స్కాన్ చేసి అందరికీ అందుబాటులో పెట్టింది. మన ఊరి పుస్తకాలు ఆ వరసలో ఎందుకు ఉండకూడదు?

తరగతికి ఇష్టపడే తల్లిదండ్రులు తమ పిల్లల పేర్లు సంఘం ఆఫీసులో రాయించగలరు. తమ పేర్లు కూడా రాయిస్తే మాకు మరింత సంతోషం. తరగతి జుమా నమాజు తర్వాత పెట్టుకోవచ్చు, వీలుకాకపోతే ఆదివారం పెట్టుకోవచ్చు. ముందు పేర్లు రావాలి.